చెప్పుల కాపలా

హోటలు మూడో అంతస్తు చివరి గదిలో విశాలాక్షి దుప్పటి విదిలించింది. తెల్లటి గుడ్డ గాలి నింపుకుని పైకి లేచి, పరుపు మీద తాపీగా వాలింది. మోకాలితో పరుపును కాస్త ఎత్తిపట్టి, అంచు లోపలికి తోసి, మూలను ఏటవాలుగా మడిచి, అరచేత్తో ఒక్కసారి రాసింది. ముడత లేదు. ఆ మూలకు వంక పెట్టగలిగినవాళ్ళు కెనడాలోని ఈ సస్కటూన్‌లో లేరు. అసలు దాన్ని చూసేవాళ్ళే లేరు. రాత్రికి ట్రాక్టర్లు అమ్మే మనిషెవరో వచ్చి, కాళ్ళతో తన్ని ఊడదీసుకుని పడుకుంటాడు.

విశాలాక్షి పొట్టి మనిషి. వెడల్పాటి చేతులు. క్లీనింగ్ మందులకి వేళ్ళ చివర్లు పాలిపోయి, ఎప్పుడూ ఇప్పుడే బట్టలుతికి వచ్చినట్టుంటాయి. సామాన్ల ట్రాలీకి ఒక చక్రం మొరాయిస్తుంది. దాన్ని ఇన్నేళ్ళు తోసి తోసి, ట్రాలీ లేనప్పుడు కూడా కొంచెం ఎడమకి ఒరిగే నడుస్తుంది. బీకాం చదివింది. ఈ ఊళ్ళో ఆ సంగతి భర్తకి తప్ప ఇంకెవరికీ అవసరం పడలేదు. పేరు పొడుగైందని హోటలు వాళ్ళు బిళ్ళ మీద మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలే ఉంచారు. చూసినవాళ్ళు వీసా అని చదువుకుంటారు. ఉద్యోగం అడగడానికి వచ్చే మన పిల్లలు ఆ బిళ్ళ వంక చూసే చూపులో కాస్త భక్తి కూడా ఉంటుంది.

జేబులో ఫోను వణికింది. గదుల్లో ఫోను చూడకూడదన్నది హోటలు నియమం. స్నానాల గది మాత్రం గది కింద లెక్క కాదన్నది విశాలాక్షి నియమం. తలుపు వేసుకుని తొట్టి అంచున కూర్చుంది.

ధాత్రి పంపిన వీడియో. ఆకుపచ్చటి నీళ్ళు, చెక్క పడవ, పడవ అంచున కాళ్ళు వేలాడేసుకుని పిల్ల. నెత్తిన వెడల్పాటి గడ్డి టోపీ, టోపీకి ఎర్ర రిబ్బను. “ఆంటీ, మీ టోపీ ఎక్కడి దాకా వచ్చిందో చూడండి” అని, టోపీతో సహా దూకేసింది. ముందు టోపీ తేలింది. తర్వాత పిల్ల తేలింది. విశాలాక్షి కళ్ళు టోపీ మీదే ఉన్నాయి.

అది నిజంగానే ఆమె టోపీ. రెండేళ్ళ కింద ఎవరో గదిలో వదిలేసి పోయారు. పోయినవాళ్ళు మరిచిన వస్తువు మూడు నెలలు స్టోరులో ఉంటుంది. ఎవరూ అడగకపోతే దొరికినవాళ్ళదే. అలా వచ్చింది. ఒకసారి ఇలాంటి స్నానాల గది అద్దం ముందే పెట్టుకుని చూసుకుంది. బయట మైనస్ ముప్పై. ఉన్ని టోపీ మీద గడ్డి టోపీ నిలవదు. కొత్తగూడెంలో ఉన్న చెల్లెలు త్రిపురకి పంపుదామని దాచింది.

ధాత్రి ఆమె బేస్‌మెంట్‌లో అద్దెకుండే పిల్ల. ఊళ్ళో బేస్‌మెంట్లన్నీ చదువుల కోసం వచ్చిన పిల్లలతో నిండిపోయిన ఏడాది వచ్చింది. కాలేజీకి పోగా మిగిలిన రోజుల్లో ఇదే హోటల్లో పని. ఆ పని పెట్టించింది విశాలాక్షే. దుప్పటి మూల మడవడం నేర్పిందీ విశాలాక్షే. డిసెంబరు సెలవులకి ఖమ్మం పోతున్నా, వియత్నాం మీదుగా టికెట్ చవగ్గా దొరికింది అంది పిల్ల. మనవాళ్ళలో ఎవరైనా ఇండియా పోతున్నారంటే వాళ్ళ సూట్‌కేసులో సగం ఊరందరిదీ. విశాలాక్షి విటమిన్ సీసాలు, బాదం పప్పు, మోకాళ్ళ నొప్పికి రాసుకునే మందు, మేపుల్ బిస్కెట్లు పార్సెల్ కట్టింది. అన్నిటికీ పైన, నలగకుండా, టోపీ పెట్టింది. తూకానికి సూట్‌కేసు ఎత్తుకుని బాత్రూంలో బరువు చూసుకునే మెషీన్ మీద నిలబడింది కూడా తనే.

పిల్ల వియత్నాంలో దిగింది. రెండో విమానం ఎక్కలేదు.

ఫు క్వాక్ అనే దీవికి పోయి, వీపున సంచితో దేశాలు తిరిగే బ్యాక్‌ప్యాకర్లు దిగే హాస్టల్లో పనికి కుదిరింది. పొద్దున్నే పక్కలు సర్దాలి, దుప్పట్లు ఉతికి ఆరేయాలి. అందుకు బదులుగా ఉండడానికి మంచం, తినడానికి టిఫిను. మధ్యాహ్నం నుంచి స్కూటర్ల మీద గుంపుగా ఊరేగడమే. మిరియాల తోటలంది, జలపాతాలంది, చీకటి పడ్డాక ఆకుపచ్చ దీపాలు పెట్టుకుని పడవల్లో చేపల వేట అంది. ఇంట్లో వాళ్ళకి సెలవు దొరకలేదని చెప్పింది. హోటల్లో ఇంటికి పోతున్నానని చెప్పింది. నిజం చెప్పింది విశాలాక్షి ఒక్కదానికే. అది ప్రేమ కొద్దీ కాదు, పార్సెల్ వల్ల.

నలుగురిలో విశాలాక్షి ఈ కాలం పిల్లలకి భయం లేదంటుంది. ఇంటికొచ్చి ఆ వీడియోలు మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటుంది. సముద్రం సంగతి సరే, ఆమెను కాల్చుకు తిన్నది పక్కల వీడియో. హాస్టల్లో ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు, వాటి మీద పిల్ల మడిచిన మూలలు. తను నేర్పిన మూలలే. అదే పని, అవే దుప్పట్లు. ఈ కిటికీలోంచి చూస్తే ఇంజన్లు గడ్డకట్టకుండా ముక్కులకి కరెంటు వైర్లు తగిలించుకున్న కార్లు. ఆ కిటికీలోంచి చూస్తే కొబ్బరి చెట్లు. వీడియో ఆపి, బొమ్మ పెద్దది చేసి చూసింది. ఎడమ పక్క మూల వదులుగా ఉంది. ఆ పూట అన్నం సయించింది.

ఫోన్లో సస్కటూన్ వాతావరణం పక్కన ఆ దీవి వాతావరణం కూడా పెట్టుకుంది. రోజూ ఎండే. ఒక్క రోజు వాన పడితే ఆ దేశానికి ఏం పోయిందో ఆమెకి అర్థం కాలేదు.

విశాలాక్షి సముద్రం చూడకపోలేదు. డిగ్రీలో ఉండగా విశాఖపట్నం ఎక్స్‌కర్షన్ పోయింది. క్లాసంతా కేకలు పెడుతూ నీళ్ళలోకి పరిగెత్తింది. విశాలాక్షి మంచిది, నమ్మకస్తురాలు. అందుకని చెప్పులు, హ్యాండుబ్యాగులు, లెక్చరర్ గారి వాచీ, ఆయన బూట్లు, ఆ బూట్లలో ఉండ చుట్టి పెట్టిన మేజోళ్ళు, అన్నీ ఆమె చుట్టూ పెట్టిపోయారు. సాయంత్రం దాకా ఇసుకలో కూర్చుంది. ఒక్క వస్తువు పోలేదు. బస్సెక్కేటప్పుడు అందరూ మెచ్చుకున్నారు. అందరి బట్టలూ తడిసి ఉన్నాయి, తనవి తప్ప.

ఫోను మళ్ళీ వణికింది. ఈసారి మెసేజి. “ఆంటీ, ప్లీజ్. మా నానమ్మకి సీరియస్‌గా ఉందని మారిటెస్‌కి చెప్పండి. ఇంకో రెండు వారాలు. మీరు చెప్తే నమ్ముతది.”

ఆ నానమ్మని విశాలాక్షి వీడియోలో చూసింది. మొన్న మనవడి పెళ్ళిలో కోలాటం ఆడింది.

మారిటెస్ వాళ్ళ సూపర్వైజరు, ఫిలిప్పీన్స్ ఆవిడ. వ్యవసాయ యంత్రాల ప్రదర్శనకి వచ్చేవాళ్ళతో హోటలు నిండిపోయే రోజులివి. ఒకరికి మించి సెలవు ఇవ్వడం కుదరదు. ఈ సాయంత్రం షెడ్యూలు గోడకి పెట్టేస్తుంది. ఆ ఒక్క సెలవూ ధాత్రికి పొడిగించాలా, లేకపోతే ఇంకెవరికైనా ఇవ్వచ్చా అన్నది విశాలాక్షి నోటి మాట మీద ఆగి ఉంది. ఆ ఇంకెవరో తనే అయితే బాగుండునన్న ఆలోచన వారం నుంచి ఆమెను పట్టుకుని వదలడం లేదు.

దాన్ని రాజేసింది త్రిపుర. పార్సెల్ ఏదని రోజూ ఫోను చేసి చేసి, “అంత దిగులైతే నువ్వే పోయి తెచ్చుకోరాదే” అని ఎత్తిపొడిచింది. త్రిపుర ఫోను పెట్టేసి నిద్రపోయింది. విశాలాక్షి టికెట్లు చూడ్డం మొదలుపెట్టింది.

ఈ పొద్దున కారులో ఆ మాట భర్త చెవిన వేసింది. కోదండరామ్ విత్తనాలు నాటే యంత్రాల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి, దారిలో ఆమెను హోటలు దగ్గర దింపి ఇంటికి పోతాడు. ఆ వేళలో ఏం చెప్పినా ఊఁ అంటాడు. అయినా ఈ మాటకి పూర్తిగా మెలకువొచ్చింది.

“టోపీ కోసం వియత్నాం పోతావా?”

“విటమిన్లు కూడా ఉన్నయి.”

ఆయన నవ్వాడు. ఎర్ర లైటు దగ్గర కారు ఆపి, ఇంకాస్త నవ్వాడు. విశాలాక్షి ముందున్న కారు వెనకద్దం మీద పేరుకున్న మంచునే చూస్తూ కూర్చుంది. లైటు మారింది. నవ్వు ఆగింది.

“నిజంగా అంటున్నావా?” అన్నాడు. హోటలు దగ్గర దిగేటప్పుడు ఆమె, ఫ్రిజ్‌లో పప్పు ఉంది, వేడి చేసుకో అంది.

మధ్యాహ్నం దాకా గదులు సర్దుతూనే అబద్ధాన్ని కూడా సర్దుకుంది. నానమ్మకి గుండె అందామా, కిడ్నీ అందామా? గుండె అంటే రెండు వారాల్లో ఏదో ఒకటి తేలిపోతుంది. కిడ్నీ నయం, సాగుతుంది. కింద రిసెప్షన్ దగ్గర పల్చటి జాకెట్లలో ముగ్గురు పిల్లలు రెజ్యూమెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకడు ఆమె బిళ్ళ చూసి నమస్తే ఆంటీ అన్నాడు. తను నిజం చెప్తే ధాత్రి ఉద్యోగం వీళ్ళలో ఎవరికో పోతుంది. చెప్పకుండా ఊరుకున్నా పోతుంది. ఉద్యోగం నిలవాలంటే ఆడాల్సింది అబద్ధమొక్కటే. అది నాలిక చివరే ఉంది, నాలుగు మూలలూ మడిచి.

షిఫ్టు అయిపోయాక మారిటెస్ లాండ్రీ గదిలో షెడ్యూలు కాయితం పట్టుకుని నిలబడింది. వెనక డ్రయ్యర్లు తిరుగుతున్నాయి. ధాత్రి సోమవారం వస్తుందా అని అడిగింది.

విశాలాక్షి నోరు తెరిచింది. కిడ్నీ అనబోయింది. కళ్ళ ముందు టోపీ మునిగింది, తేలింది.

“ఆ పిల్ల సంగతి ఆ పిల్లనే అడుగు,” అంది. “దాని చెప్పులకి నేను కాపలా ఉండను.”

“ఏ చెప్పులు?”

“ఏవో చెప్పులు. ఆ సెలవు నాకు కావాలి.”

మారిటెస్ కాయితం దించింది. విశాలాక్షి సెలవు అడగడం ఆవిడ ఎరగదు. ఏటా సెలవు పెట్టినవాళ్ళకి బదులు పని చేసే మనిషి. ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అని గొంతు తగ్గించి అడిగింది. నానమ్మని వాడుకోవడానికి అదే మంచి సమయం. కిడ్నీ సిద్ధంగానే ఉంది.

“అందరూ బాగున్నారు,” అంది విశాలాక్షి. “నేను సముద్రంలో దిగాలి.”

డ్రయ్యరు ఒకటి ఆగింది. మారిటెస్ పుట్టింది దీవిలోనే. కెనడా వచ్చాక మళ్ళీ పోలేదు. పోదామనుకున్న ప్రతిసారీ ఎవరి ఫీజో, ఎవరి ఆపరేషనో అడ్డం పడింది. ఏ సముద్రం అని అడగలేదు. షెడ్యూల్లో సెలవు కింద ఆమె పేరు రాసి, తలెత్తి ఒక్క క్షణం చూసింది. ఆ చూపు విశాలాక్షికి బాగా తెలుసు. పొద్దున వీడియో చూశాక స్నానాల గది అద్దంలో చూసిందే.

విశాలాక్షి బూట్లు తొడుక్కుంటుండగానే, మారిటెస్ పెట్టిన మెసేజికి ధాత్రి జవాబు వచ్చేసింది. ఈ సెమిస్టరుకి రావడం లేదు, మీరు చాలా మంచివారు, థ్యాంక్యూ. పక్కన నవ్వే బొమ్మ. వెనకే విశాలాక్షికి ఇంకోటి. “మీరు చెప్పకపోవడమే మంచిదైంది ఆంటీ. నాకే ధైర్యం చాలలేదు. ఇంట్లో కూడా ఇవ్వాళే చెప్పేస్తా.”

ఉద్యోగం వదులుకోవడం ఇంత తేలికని విశాలాక్షికి ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఆ కుళ్ళు కూడా కాసేపు కుళ్ళుకుంది. తర్వాత గ్లవ్ పళ్ళతో లాగి, ఒంటి వేలితో టైపు చేసింది. “టోపీ జాగర్త. వస్తున్న.”

వెళ్ళే రోజు తెల్లవారుజామున మంచు పడుతూనే ఉంది. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలని కోదండరామ్ దారంతా ఆలోచించాడు. పార్సెల్ తేవడానికి పోయిందని చెప్పు అంది. అంటే నమ్ముతారా అన్నాడు. మనవాళ్ళు అదే నమ్ముతారు అంది.

విమానాశ్రయం ముందు కారు ఆగింది. విశాలాక్షి దిగలేదు. వంగి, బూట్ల జిప్పులు లాగి, రెండూ విప్పింది. మేజోళ్ళు విప్పింది. చేతి సంచిలోంచి రబ్బరు చెప్పులు తీసి వేసుకుంది.

“ఏందే, బయట మైనస్ ఇరవై ఆరు.”

“తలుపు దాకనేగా.”

చెప్పుల్లో, మంచు మీద, సూట్‌కేసు లాక్కుంటూ, కొంచెం ఎడమకి ఒరిగి గబగబా నడిచింది. అద్దాల తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆయన చెయ్యి ఊపుదామని అద్దం దించేసరికి లోపల జనమే కనిపించారు.

వెనకొచ్చిన కారు హారను కొట్టేదాకా కోదండరామ్ అక్కడే ఉన్నాడు. ఇంటికొచ్చి, కారు ముక్కుకి వైరు తగిలించి, పక్క తలుపు తెరిచాడు. రబ్బరు చాప మీద, కరిగిన మంచు నీళ్ళలో, ఉప్పు చారలు కట్టిన బూట్లు రెండూ పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఒకదానిలో ఉన్ని మేజోళ్ళు ఉండ చుట్టి పెట్టి ఉన్నాయి.