చెవులు రెండూ కనబడాలి

బ్రహ్మదేవుడు మనుషులను సృష్టించి, "ఎలా కుదిరారో నిజం చెప్పండి" అని ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే లోకంలో ఇన్ని రకాల ముక్కులు ఉండేవి కావు. గోదావరిఖనిలో గని ఆఫీసు గుమాస్తా ఉపేందర్‌కు ఆపాటి లౌక్యం లేకపోయింది. ఆరు నెలల కిందట కెమెరా కొని, తీసిన ప్రతి కుటుంబ చిత్రాన్నీ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టి, "తప్పులుంటే మొహమాటం లేకుండ చెప్పుండ్రి" అని ప్రాధేయపడ్డాడు. "మస్తుందన్నా" అన్నారందరూ. ఒకాయన చేతులు జోడించిన బొమ్మలు పదకొండు పంపాడు. పుష్పవృష్టి కురిసింది గాని, విద్య రాలేదు.

ఈసారి మాత్రం తప్పు జరగడానికి వీల్లేదు. గని కార్మికుడు మొగిలి రిటైరయ్యాడు. ఆదివారం క్వార్టరు ఖాళీ చేసి మంచిర్యాల వెళ్ళిపోతున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన ఆ గడప ముందు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, మనుమరాలితో కలిసి ఒక్క ఫోటో ఉండాలని ఆయన భార్య సారవ్వ కోరిక. ఉపేందర్ గురువారం తీసి, శుక్రవారం పెద్దగా ప్రింటు వేయించి తెచ్చాడు.

సారవ్వ దానిని చేతి దూరాన పట్టుకొని చూసింది.

"దండ ఒక్కటే తక్కువున్నది బిడ్డా."

"ఏంది చిన్నమ్మా?"

"ఏడుగురం ఒక్కపారే పోయినట్టున్నం. లారీ గిట్ల గుద్దిందా?"

"బాగనే ఉన్నది గదనే," అన్నాడు మొగిలి. "అందరం సక్కగ నిలవడ్డం."

"నువ్వు సక్కగ నిలవడుడే నాకు భయమైతంది."

ఆరు నెలల తపస్సుకు సత్యం ఈ రూపంలో ప్రత్యక్షమయ్యేసరికి, ఉపేందర్‌కు వరమేదీ అడగబుద్ధి కాలేదు. ఫోటో చంకన పెట్టుకొని అబ్దుల్ రజాక్ స్టూడియోకు నడిచాడు. ఊరందరినీ అభిప్రాయమడిగి, నలభై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్న రజాక్‌నొక్కడినే అతడు అడగలేదు. ఆయన నోటికి జడిసే అడగలేదు.

రజాక్ కళ్ళద్దాలు సవరించుకున్నాడు. "మొఖాల మీద ఎలుగు మంచిగ వడ్డది. ఫోకస్ పక్కా."

ఉపేందర్ ఊపిరి పీల్చుకున్నాడు.

"కానీ గిది ఫోటో గాదు, అర్జీ."

"అర్జీనా చాచా?"

"డ్యూటీల నువ్వేం జేస్తవ్?"

పింఛనుకూ దవాఖాన కార్డుకూ కార్మికులు తెచ్చే కుటుంబ ఫోటోలను సరిచూడడం ఉపేందర్ ఉద్యోగం. నవ్విన వారిని, తల వంచిన వారిని, చెవులు కప్పుకున్న వారిని పద్నాలుగేళ్ళుగా నిర్దాక్షిణ్యంగా వెనక్కు పంపాడు. చిత్రగుప్తుని దగ్గరైనా కాస్త వాదించుకోవచ్చు, ఉపేందర్ ఆఫీసు కిటికీ దగ్గర కుదరదు.

"ఏడుగురు మనుషులు, పద్నాలుగు చెవులు," అన్నాడు రజాక్ వేలితో చూపుతూ. "పోరి సుత మెడ బిగబట్టింది. నువ్వు కెమెరా ఎత్తంగనే వాళ్ళకు నీ కిటికీ యాదికొస్తది. నవ్వితే వాపస్ జేస్తవని ఫికర్."

"మరి ఎట్ల?"

"ఎవ్వర్నీ నిలవెట్టకు. జర నోరు మూసుకొని కూసో. అది నీతోని ఐతదో లేదో నాకైతే డౌటే."

ఆదివారం పొద్దున సామాను వ్యాను సగం నిండింది. ఉపేందర్ గడప ఎదుట స్టాండు మీద కెమెరా నిలపగానే ఏడు మెడలు బిగుసుకున్నాయి. "కాకా, గడ్డం కొంచెం..." అని నోటిదాకా వచ్చిన మాటను కటిక చేదు కషాయంలా మింగాడు. రిమోటు చేతిలో పట్టుకొని, చుట్టిన పరుపు మీద కూర్చుండిపోయాడు.

ఒక నిమిషం గడిచింది. వ్యాను డ్రైవరు హారను కొట్టాడు.

"తీసినవా?" అన్నాడు మొగిలి పెదవి కదపకుండా. జవాబు లేదు. "ఏమైందే ఈయనకు?"

మునుల మౌనం ఎంతటిదైనా సారవ్వ ముందు ఎంతసేపు నిలుస్తుంది? ఆమెకు హఠాత్తుగా ఏదో గుర్తొచ్చింది. "ఏందయ్యా, తొక్కు జాడి యాడ వెట్టినవ్?"

"మంచం కింద. దొర్లకుండ ఉంటదని బోర్లిచ్చిన."

"బోర్లిచ్చినవా!"

ఆమె చెయ్యెత్తింది. మొగిలి ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవంతో వంగాడు. కోడలు దీప అత్త కొంగు పట్టుకొని ఆపబోయి నవ్వాపుకోలేకపోయింది. మనుమరాలు ఎగిరి చప్పట్లు కొట్టింది. ఉపేందర్ మీట నొక్కాడు.

పచ్చడి జాడిని నిలబెట్టి వచ్చాక సారవ్వ కెమెరా తెరలోకి చాలాసేపు చూసింది.

"నా చెయ్యి మస్తు పెద్దగ వడ్డది."

"అవును చిన్నమ్మా."

"మీ కాక మొఖం సగమే ఉన్నది. ఎనుక గా బకెటెందుకు?"

"చూసుకోలే." ఉపేందర్ మూడు తప్పులనూ ఫోనులో భక్తిగా రాసుకున్నాడు. తర్వాత అడిగాడు. "మల్ల తియ్యాల్నా?"

"తీస్తివా, చంపుత. గిదే పెద్దగ చేపియ్యి. కొత్తింట్ల గోడకు వెట్టుకుంట."

మొగిలి తెరలోకి తొంగిచూసి బెంబేలెత్తాడు. "నన్ను కొడుతున్నట్టున్నది గదనే! సుట్టాలు ఏమనుకుంటరు?"

"ఉన్నదే అనుకుంటరు," అని సారవ్వ వ్యాను ఎక్కింది.