నర్సమ్మ ఊళ్లో లేదు

వేరుశనగ చేలో చెనిక్కాయలు దూసీ దూసీ గంగులమ్మ వేళ్ల కొసలు చీలిపోయాయి. మధ్యాహ్నం మేస్త్రి గంజికి వదలగానే, అందరితో కూర్చోకుండా వాడవైపు పరుగులాంటి నడకతో బయల్దేరింది. నెలలు నిండిన కూతురు నాగులమ్మ ఇంట్లో ఒంటరిగా ఉంటుందని ఆమె ఆత్రం.

కానీ ఇంట్లో లేదు. దోవలో ఉన్న ఆరోగ్య కేంద్రం పంచలో, బల్ల మీద కూర్చుని ఉంది. పక్కన నర్సు రాజారత్నమ్మ ఏదో చెబుతుంటే నాగులమ్మ తల వెనక్కి వాల్చి నవ్వుతోంది.

పెద్ద పాపను అత్త దగ్గర వదిలి, కాన్పుకు పుట్టింటికి వచ్చి నెల దాటింది. ఆ పిల్ల తల్లి ముందు ఒక్కసారైనా అలా నవ్వలేదు. గంగులమ్మ పలకరించకుండానే కొంగు తలమీదికి లాక్కుని సాగిపోయింది.

వడమాలపేట చుట్టుపక్కల నాలుగూళ్లకు గంగులమ్మే మంత్రసాని. తల్లి నేర్పిన పని. రాజారత్నమ్మ సైకిలు మీద ఊళ్లో దిగేదాకా ఏ ఇంట నొప్పులు మొదలైనా మొదటి కబురు ఆమెకే వచ్చేది. ఈ నర్సు ఏమంత గొప్పింటి పిల్లా కాదు. కార్వేటినగరం దగ్గర ఇలాంటి వాడలోనే పుట్టి, మిషను హాస్టల్లో ఉండి చదువుకుంది. అయినా పెద్దింటి శకుంతలమ్మ ఆమెకు వసారాలో కుర్చీ వేసి, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. అదే ఇంట్లో ముగ్గురు బిడ్డలకు బొడ్డు కోసిన గంగులమ్మ ఏనాడూ పెరటి దోవ దాటి ఎరగదు. పురుడు పోసి బయటికి వచ్చాక ఆమె నిలబడిన చోట పేడనీళ్లు చల్లేవారు. అవన్నీ ఆమె ఓర్చుకుంది. ఆ ఇంటివాళ్లు ఈ ఏడు కోడల్ని కారులో తిరుపతికి తీసుకుపోయి కాన్పు చేయించినా, పురుడు పోసినందుకు వచ్చే చేటెడు బియ్యమూ పాత చీరా పోతేపోయాయనుకుంది. ఆ కుర్చీని మాత్రం ఓర్చుకోలేకపోయింది.

సాయంత్రం ఇంటికి రాగానే అడిగింది.

"నర్సమ్మతో ఏంది మే అన్ని నవ్వులు?"

"ఏం లేదు మా. లోపల ఒకటే తంతాండాదంటే, బయటికొచ్చినాక నీ మొగుణ్ణి తంతాదిలే అనింది."

"ఆ మాట నాకు సెప్పకూడదా?"

నాగులమ్మ పొయ్యిలో పుల్లలు సర్దింది.

"సూడు మే, నీ కాన్పు ఆమె సేతుల్లో పెడితే రేపు నన్నెవురూ గడప తొక్కనియ్యరు. కన్న కూతురే నమ్మలేదంటారు. నా మొగం యాడ పెట్టుకునేది?"

"నాకు బయం మా."

"నా సేతులంటేనా?"

"ఆ పొద్దంటే."

ఆ పొద్దు గంగులమ్మకూ గుర్తే. మూడేళ్ల కిందట నాగులమ్మ తొలికాన్పు ఈ గదిలోనే, తన చేతులతోనే చేసింది. ఆడబిడ్డ చక్కగా పుట్టింది కానీ మాయ పడలేదు. చూసి చూసి, చెయ్యి పెట్టి లాగింది. అలా ఎన్ని ఇళ్లలో లాగలేదు! ఆ పొద్దు మాత్రం నెత్తురు ఆగలేదు. కింద పరిచిన గోనెలన్నీ తడిసిపోయాయి. తిరుపతి పెద్దాసుపత్రికి చేర్చేసరికి నాగులమ్మ పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి. ఎవరిదో నెత్తురు ఎక్కించి బతికించారు. ఇకమీద ఇంట్లో కాన్పు వద్దే వద్దని డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. ఆ మాటను గంగులమ్మ ఒక్కనాడూ పైకి అననివ్వలేదు. పెద్ద చదువులవాళ్లు అలాగే బెదిరిస్తారనేది.

ఆ వారంలోనే, తెల్లవారుతుండగా నాగులమ్మకు నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు తిరుపతిలో రిక్షా తొక్కుతాడు, కబురు అందినా సాయంత్రానికి గానీ రాలేడు.

"మా, పొయ్యి నర్సమ్మను పిల్సకరా" అంది నాగులమ్మ గోడకు ఆనుకుని.

పొద్దెక్కుతుండగా గంగులమ్మ వెళ్లింది. కేంద్రం పంచలో రాజారత్నమ్మ పసిబిడ్డకు సూది వేస్తోంది. చుట్టూ ఆడవాళ్లు. వాళ్లలో చంద్రకాంతమ్మ అనే ఆమె గొంతు అందరికంటే పెద్దది. ఆమె ఇద్దరు కొడుకులూ గంగులమ్మ చేతుల మీదుగానే భూమ్మీద పడ్డారు.

"మా నర్సమ్మది ఎంత మెత్తని సెయ్యమ్మా! ముందరే వచ్చుంటే మాకు ఆ మోటు సేతులు తప్పేవి" అంటోంది చంద్రకాంతమ్మ.

అందరూ నవ్వారు. నర్సు నవ్విందో లేదో గంగులమ్మ చూడలేదు. గోడ మూలనే ఆగిపోయి, ఎంతకూ కాలు ముందుకు పడక వెనక్కి తిరిగి ఇల్లు చేరింది.

"నర్సమ్మ ఊళ్లో లేదు మే. మీటింగని పుత్తూరు పొయ్యిందంట."

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు తనే విస్తుపోయింది.

నాగులమ్మ "అయితే నువ్వే సెయ్యి మా" అంది.

గంగులమ్మ చాప పరిచింది. నీళ్లు కాచింది. చేతులకు ఆముదం రాసుకుంటుంటే లోపల ఎక్కడో గెలిచినట్టు అనిపించింది. కూతురు మళ్లీ తన దగ్గరికే వచ్చింది. ఆ నర్సుకు సంగతి తెలిసేసరికి బిడ్డ ఒళ్లో ఉంటుంది. రానీ, వచ్చి చూసుకోనీ.

నొప్పి తెరిపి ఇచ్చినప్పుడు నాగులమ్మ మెల్లగా అంది. "మా, నాకేమన్నా అయితే పాపను మా అత్తకాడ ఇడువొద్దు. ఆయన మళ్లీ పెండ్లి సేసుకుంటాడు. నువ్వే తెచ్చి పెంచుకో. జొరమొస్తే పాలు తాగదు, గంజి తాపించల్ల."

ఆ గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఊరికి పోతూ కోళ్లను ఎక్కడ మూసిపెట్టాలో చెప్పినట్టు చెప్పింది. అప్పుడే చాప మీద చిన్న ఎర్రటి మరక కనిపించింది. బిడ్డ ఇంకా తల చూపలేదు.

గంగులమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"నేను సెయ్యను" అంది.

"ఏంది మా?"

"సెయ్యనంటే సెయ్యను మే! ఈ కాన్పు నేను సెయ్యలేను!"

వీధిలోకి ఉరికింది. "నర్సమ్మా! ఓ నర్సమ్మా!" అని ఆమె అరుస్తుంటే వాడంతా గడపల్లోకి వచ్చింది. ఆ పేరును ఆమె నోట తిట్టుగా తప్ప ఎవరూ విని ఎరగరు.

రాజారత్నమ్మ వచ్చింది. పొట్ట తడిమి చూసి, మరక చూసి, లేచింది. "గోవిందయ్యను ఎద్దుల బండి కట్టమనండి. వడమాలపేట రోడ్డుకు పోతే ఏదో ఒక కారు దొరుకుతాది. తిరుపతికే పోవల్ల" అంది. "నొప్పులు ఎప్పట్నించి నాగులమ్మా?"

"తెల్లారినప్పట్నించి."

"అప్పుడే పిలవకూడదా? నేను పొద్దున్నించీ ఈడనే ఉండాను గదా!"

నాగులమ్మ తల్లి ముఖంలోకి చూసింది. గంగులమ్మ చేతులకున్న ఆముదాన్ని కొంగుకు తుడుచుకుంటూ నేలచూపు చూసింది. నాగులమ్మ నర్సు భుజం పట్టుకుని లేచి, తల్లి చాచిన చేతిని దాటుకుని బండి ఎక్కింది.

బండి కదిలింది. నర్సు ఒళ్లో కూతురి తల. నర్సు వేళ్లను పట్టుకున్న కూతురి పిడికిలి. వెనక నడుస్తున్న గంగులమ్మకు, ఆ వేళలో కూడా, ఆ పిడికిలి చూస్తుంటే గుండె మండింది. మండుతున్నందుకు సిగ్గేసింది. సిగ్గుపడినా మంట ఆరలేదు.

"ఎక్కక్కా, కాళ్లకాడ కూర్సో" అంది రాజారత్నమ్మ.

గంగులమ్మ బండి వెనక కర్ర పట్టుకుని కూతురి వైపు చూసింది. నాగులమ్మ కళ్లు తెరవలేదు. కాళ్లు మాత్రం కొంచెం పైకి ముడుచుకుంది. అది మళ్లీ వచ్చిన నొప్పో, తనకు చోటిచ్చిందో గంగులమ్మకు తెలియలేదు. ఎక్కకుండా, కర్ర వదలకుండా, బండి వెంట నడుస్తూనే ఉంది.