మేస్టారు ఎవరిని తప్పించారు?

నేను ఒక ఉక్కు గుండుని. అరచేతిలో ఇమిడే సైజు, లోపలంతా డొల్ల. రెండు దొప్పల్ని అతికి, నునుపు చేసి, ఒంటినిండా గీతలు గీసి ఫ్రాన్సులో నన్ను తయారు చేశారు. అక్కడి సైన్యంలో పనిచేసి రిటైరైన ఒక యానాం మనిషి నన్నూ నా జోడీనీ పెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. ఆయన పోయాక మేం మనవరాలు మంగతాయారు చేతికొచ్చాం. ఆమె ఆసుపత్రిలో నర్సు.

మా ఆట పేరు పెటాంక్. దూరంగా చిన్న కొయ్యగోళీ వేస్తారు. దానికి దగ్గరగా గుండు పడ్డవాళ్లకు పాయింటు. ముందు పదమూడు చేసినవాళ్లు గెలిచినట్టు. జట్టుకు ముగ్గురు, పక్కన ఒక అదనపు మనిషి. ఆ అదనపు మనిషే మంగతాయారు. రెండేళ్లుగా మజ్జిగ సీసాలు మోసింది, చప్పట్లు కొట్టింది, నన్ను తుడిచి మళ్లీ సంచిలో పెట్టింది. ఒక్క పోటీలోనూ నేను నేల చూడలేదు.

కెప్టెన్ సుందరేశం మేస్టారు. అందరికీ ఆట నేర్పింది ఆయనే. ఐసు ఫ్యాక్టరీ మెకానిక్ నూకరాజు అవతలివాళ్ల గుండ్లను ఎగరగొడతాడు. టైలరు అబ్బులు గోళీకి దగ్గరగా వేస్తాడు. ఈ ఏడాది పోటీల ఫైనల్‌కు వారం ముందు మేస్టారు, "ఈసారి మంగని కూడా దింపుదాం" అన్నారు. ఎవరి బదులో చెప్పలేదు. అబ్బులే మేస్టారికి చెప్పి తనను తప్పిస్తున్నాడని నూకరాజు, నూకరాజే చెప్పి తనను తప్పిస్తున్నాడని అబ్బులు అనుకుని మాటలు మానేశారు. రెండు గుండ్లు గుద్దుకుంటే క్షణంలో అయిపోతుంది. మనుషులకు వారం పట్టింది.

ఫైనల్లో ఎనిమిదికి పదకొండుతో వెనకబడ్డాం. మేస్టారి గుండ్లు ఎక్కడెక్కడో పడుతున్నాయి. వేసే ముందల్లా మంగతాయారు దగ్గరికొచ్చి, "గోళీ ఎటుందమ్మా?" అని అడుగుతున్నారు.

"మీకు కనబడట్లేదు కదండీ?" అందామె మెల్లగా.

"నాలుగు నెలలైందమ్మా, అంతా మసక. వాళ్లిద్దరికీ చెప్పకు."

"చెప్పకపోతే ఆళ్లు ఒకళ్లనొకళ్లు తినేసేలా ఉన్నారండి."

మేస్టారు నేరుగా అంపైరు దగ్గరికెళ్లి మనిషిని మారుస్తున్నానన్నారు. నూకరాజు చేతిగుడ్డ విసిరికొట్టాడు. "నన్నే కదండీ తీసేది? ఎల్లిపోతాను."

"నిన్ను కాదెహె, నన్ను," అన్నాడు అబ్బులు.

"నన్నురా," అన్నారు మేస్టారు. " నాకు గోళీ కనబడ్డం లేదు. రూలు ప్రకారం ఈ మ్యాచ్‌లో నేనిక మళ్లీ దిగకూడదు. ఏది ఎక్కడ వెయ్యాలో మంగ చెబుతుంది. రెండేళ్లుగా కూర్చుని చూసింది అదేగా."

నూకరాజు వంగి చేతిగుడ్డ తీసుకున్నాడు.

మంగతాయారు అలవాటుగా నన్నొకసారి తుడిచింది. నన్ను వదిలిన తీరు బాగుంది. గాల్లో లేచి, నేలను తాకి, దొర్లి గోళీకి రెండు వేళ్ల దూరంలో ఆగాను. "చూశావంట్రా!" అన్నాడు నూకరాజు, వారం తర్వాత మొదటిసారి. "చూశాన్రా!" అన్నాడు అబ్బులు.

ఆట పన్నెండు పన్నెండుకొచ్చింది. చివరి రౌండులో అవతలివాళ్ల గుండ్లు అయిపోయాయి. వాళ్లదొకటి గోళీని ఆనుకుని ఉంది, దాని తర్వాత నేను. మాకు మిగిలింది నూకరాజు చేతిలో ఒక్క గుండు. అతను వెనకాడాడు.

"కొట్టరా. తప్పితే నా మీదెయ్యి," అన్నాడు అబ్బులు.

ఖంగుమని మోగింది. నా పక్కనున్న గుండు ఎగిరిపోయింది. గోళీ దగ్గర నేనే మిగిలాను.

"ఏమైంది? ఎవరన్నా చెప్పండర్రా!" అని మేస్టారు కేకలు. ముగ్గురూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, కానీ నవ్వుతూనే ఉన్నారు.

ఆ నెలలోనే మంగతాయారు దగ్గరుండి ఆయనకు శుక్లాల ఆపరేషన్ చేయించింది. ఇప్పుడు నలుగురూ బాగా ఆడుతున్నారు. ప్రతి పోటీకి ముందు ఒకటే గొడవ: పక్కన నేను కూర్చుంటానంటే నేను కూర్చుంటానని. అది తేలేదాకా నేను ఎండలో వేడెక్కుతూ ఉంటాను.