బోణీ బేరం

పొద్దున షట్టర్ ఎత్తగానే గోడకున్న టీవీలన్నీ నేనే తుడవాలి. నరసరావుపేట దుమ్ము రాత్రికి రాత్రే తెరల మీద పేరుకుంటుంది. ‘ఆడమనిషి చెయ్యి మెత్తగా ఉంటది, గీతలు పడవు’ అంటాడు మా ఆయన సుధీర్ బాబు. జీతం మాటెత్తితే ‘ఇంట్లో మనిషికి జీతమేందే, ఎవురన్నా వింటే నవ్విపోతారు’ అంటాడు. నవ్వితే నవ్వనీ అనాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆ నోటితోనే కస్టమర్లకి నవ్వుతూ వాయిదాల లెక్కలు చెప్పేదాన్ని.

వేసవిలో కంపెనీ ఏరియా మేనేజర్ రాజీవ్ వచ్చి లాప్‌టాప్ తెరిచాడు. కొత్త వ్యూహమట. బడికీ ఆస్పత్రికీ డిస్‌ప్లే బోర్డులు, ప్రతి హాల్లో పెద్ద టీవీ, ప్రతి చేతిలో ఫోను. “మగాళ్లందరికీ ఫోన్లున్నాయి సార్. ఇక గ్రోత్ అంతా ఆడవాళ్ల దగ్గరే. మొగుడి పాత ఫోను వాడే ప్రతి ఇల్లాలూ మన కస్టమరే” అన్నాడు. వాళ్లకి టీ అందిస్తున్న నా సంచిలో మా ఆయన పాత ఫోనే ఉంది, పగిలిన గాజుకి టేపు అతికించి. దాంట్లో ఆయన లాగిన్ అలాగే ఉంది. నాకు వచ్చే ప్రతి మెసేజీ ఆయనకీ వెళుతుంది. గుంటూరులో ఒక స్కూల్లో ఉద్యోగం ఉంది, వస్తావా అని మా చెల్లెలు వందన అడిగితే, నేను చూసేలోపే నా పేరుతో జవాబు వెళ్లిపోయింది, ‘రాను’ అని. ఇదేమిటని నిలదీస్తే ‘నీకు తలనొప్పి తగ్గించాన్లే’ అన్నాడు. కొత్త ఫోను కొనిపెట్టమంటే ‘షాపంతా నీదేగా, నీకు వేరే ఎందుకే?’ అన్నాడు. ఫోన్లు అమ్మేవాడి పెళ్లాం చేతిలో ఫోను కూడా తనది కాదు!

వ్యూహం బాగానే పారింది. ఆడవాళ్లని కూర్చోబెట్టి రంగులు చూపించే పని నాది. పక్కన గొణిగే మొగుళ్లని ఒప్పించే పని ఆయనది. ఎలా ఒప్పిస్తున్నాడో ఒకరోజు పెద్ద టీవీ వెనక దుమ్ము దులుపుతుంటే వినపడింది. ఈపూరు నుంచి వచ్చిన యల్లమందని పక్కకి తీసుకొచ్చి చెబుతున్నాడు. “భయమేంది అన్నా? వదిన ఫోనులో నీ లాగిన్ పెట్టిస్తా. ఎవురికేం పంపినా నీకు తెలిసిపోద్ది. మా ఇంట్లోదానికీ అట్టనే పెట్టా.” అవతల యల్లమంద భార్య ధనమ్మ కొత్త ఫోనుని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నవ్వుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ ఆ ఆడవాళ్లకి నేను నవ్వుతూ చేతికిచ్చింది ఇదా?

ఆ అమ్మకాలకే ఈయనకి షీల్డు వచ్చింది. మహిళల చేతికి ఫోను అందించిన ఉత్తమ డీలరట! “పట్టుచీర కట్టుకో. ఫోటోలో మొగుడి పక్కన నోరు మూసుకుని నిలబడు” అంది మా అత్తగారు. పట్టుచీర కట్టుకున్నాను. జైనాబ్ బీ బట్టల కొట్టుకి చీరల ఫాల్స్ కుట్టి దాచుకున్న డబ్బు కొంగున ముడేసుకున్నాను.

షీల్డు ఇచ్చే రోజు పొద్దున్నే షాపు తెరిచి సాంబ్రాణి వేశారు. షీల్డుతో రాజీవ్, కెమెరాతో ఫోటోగ్రాఫరు ముందే వచ్చారు. ఒక మూల ధనమ్మ నిలబడి ఉంది. “మా తమ్ముడికి నేను పంపిన మాటలు అన్నం దగ్గర మా ఆయన అప్పజెప్తున్నాడమ్మా. ఈ ఫోనేమన్నా పాడయిందా?” అని నన్ను అడిగింది. కూర్చోమని చెప్పి బయటికి వెళ్లాను. మళ్లీ గడప దాటి, కస్టమర్‌లాగా కౌంటరు ముందు నిలబడి, ముడి విప్పి డబ్బు గాజు మీద పెట్టాను.

“ఆ నీలం రంగు ఫోను ఇవ్వండి. బోణీ బేరం.”

మా ఆయన మొహం మాడిపోయింది. బోణీ బేరాన్ని వెనక్కి పంపితే లక్ష్మిని గెంటేసినట్టేనని నమ్మే మనిషి. “ఏందే ఈ ఆటలు? అడిగితే నేనియ్యనా?” అన్నాడు గొంతు తగ్గించి.

“అడిగాను. ఇవ్వలేదు. ఇప్పుడు కొంటున్నాను.”

రాజీవ్‌కి ఇదంతా ముచ్చటగా ఉంది. “సూపర్ మేడమ్! డీలర్ గారి మిసెస్ చేతి బోణీ! ఫోటో తియ్యండి” అన్నాడు. ఇక మా ఆయన కాదనలేకపోయాడు. బిల్లు నా పేరున రాశాడు. పెట్టె నా చేతికిస్తూనే మళ్లీ చెయ్యి చాపాడు.

“ఇటు తే, సెట్టింగులు పెట్టిస్తా.”

“నేను పెట్టుకుంటాను.”

“ఇంటికి రా, చెప్తా నీ పని” అన్నాడు పళ్ల మధ్య నుంచి. పైకి కెమెరా కోసం నవ్వుతున్నాడు. భయం వెయ్యలేదంటే అబద్ధం. అయినా పెట్టెని వదల్లేదు.

“మేడమ్, సార్ పక్కకి రండి” అని రాజీవ్ పిలుస్తున్నాడు. నేను స్టూలు లాక్కుని ధనమ్మ పక్కన కూర్చున్నాను.

“నీ ఫోను పాడవలేదు అక్కా. ఇటివ్వు. ముందు ఇందులోంచి మీ ఆయన్ని తీసేద్దాం.”