డ్రమ్మువాడి కోటు

రేపు పొద్దున బావ కంటికి ఆపరేషన్. ఎడమ కన్ను రెండేళ్ల కిందటే పోయింది. ఉన్న ఒక్క కుడి కన్నూ మసకబారుతుంటే డాక్టరు కత్తి పట్టక తప్పదన్నాడు. చూపు నిలుస్తుందని మాత్రం మాటివ్వలేదు. "చూడాలనుకున్నవేమైనా ఉంటే ఈలోపే చూసుకోండి" అన్నాడు. బావ తడుముకోకుండా, "నా పటాలం మొత్తం ఒక్కసారి బల్ల మీద చూడాలి" అన్నాడు.

ఇంకొకడైతే పెళ్లాం మొహం చూసుకుంటానంటాడు. అక్క మూతి ముడుచుకుంది కూడా. "ముప్పై ఏళ్లుగా చూస్తున్న మొహమేగా, బొమ్మల్నే చూసుకోండి" అని దెప్పి, ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోన్ చేసింది.

ఆ తమ్ముడే మన పెయింటర్. పగలు దుకాణాల బోర్డుల మీద నిలువెత్తు అక్షరాలు రాస్తాడు, ఇంటికొచ్చి బొటనవేలంత సీసపు సిపాయిలకు రంగులేస్తాడు. రెండు వందల ఏళ్ల నాటి ఒక యుద్ధాన్ని బావా బావమరిదీ ఇరవై ఏళ్లుగా ఆదివారాలు బల్ల మీద పాచికలేసి ఆడుతున్నారు. ఆటకి బావ పెట్టిన నియమాలు రెండే. రంగు పడని సిపాయి బల్లెక్కకూడదు. ఎక్కినవాణ్ణి కింద దిమ్మ పట్టుకునే ఎత్తాలి, ఒంటి మీద వేలు పడకూడదు.

బావ చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గుండీ రంగు తప్పినా ఊరుకోడు. డ్రమ్మువాడి కోటు గురించి వీళ్లిద్దరికీ ఒకసారి నెల్లాళ్లు మాటల్లేవు. పటాలంలో అందరిదీ ఎర్రకోటు, పసుపు కాలరు. డ్రమ్ము వాయించేవాడిది మాత్రం తిరగేసి, పసుపుకోటు, ఎర్ర కాలరు. పెయింటర్ తెలియక వాడికీ ఎరుపేస్తే, బావ పుస్తకం తెచ్చి మొహాన పెట్టి, గీకించి మళ్లీ వేయించాడు.

అంతటి బావని "వచ్చే నెల, వచ్చే నెల" అంటూ పదకొండేళ్లు తిప్పాడీ పెద్దమనిషి. సగం పటాలం రంగు మొహం చూడకుండా అట్టపెట్టెలో పడి ఉంది. ఆపరేషన్ కబురు వినగానే బోర్డుల పని మానేసి, పది రోజులు వంచిన తల ఎత్తకుండా కూర్చున్నాడు. ఆపరేషన్‌కి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నానికి నూట నలభై నాలుగో వాడి బూట్లకి నల్లరంగు వేసి కుంచె దించాడు.

ఇక మిగిలింది రంగు ఊడకుండా పైన కొట్టే వార్నిష్ స్ప్రే. బయట ముసురు. గాలిలో తేమ ఉంటే ఆ డబ్బా ముట్టుకోకూడదని ఈ పని నేర్చుకునేవాడికి మొదటి రోజే చెబుతారు. వీడే ఎంతమందికి చెప్పాడో. వార్నిష్ లేకపోతే ఒక్క పూటకి ఏం కొంపలు మునిగేవి? కానీ బావ చూసే పటాలంలో లోటు ఉండకూడదనుకున్నాడు, బుద్ధిలేని మనిషి. అందర్నీ బాల్కనీలో వరసగా నిలబెట్టి ఒకేసారి కొట్టేశాడు. ముందు ఒక్కడి మీద కొట్టి చూద్దామన్న ఇంగితం కూడా లేకపోయింది.

పావుగంటలో పటాలం మొత్తం తెల్లబడింది. ఎరుపు లేదు, పసుపు లేదు, నలుపు లేదు. పెయింటర్ అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. ఏడ్చాక నూనె సంగతి గుర్తొచ్చింది. సన్న కుంచెతో నూనె పూసి గుడ్డతో అద్దితే తెలుపు విడిచి రంగు తేలుతుంది. ఒక్కొక్కడికి ఐదు నిమిషాలు పడుతుంది. లెక్క వేసుకునే ధైర్యం లేక, సిపాయిల్ని తెచ్చి బల్ల మీద పెట్టి, వంటింట్లోంచి నూనె సీసా అందుకున్నాడు. అప్పుడే తలుపు చప్పుడైంది.

పటాలం చూడ్డానికి నాలుగింటికి రావాల్సిన అక్కా బావా రెండింటికే వచ్చారు. "మీ బావ ఒకచోట కూర్చుంటేగా. పోదాం పోదామని నా ప్రాణం తీశారు" అంది అక్క, తడిసిన గొడుగు మూలన పెడుతూ.

బావ బల్ల దగ్గరికొచ్చి ముక్కు ఆనేంతగా వంగాడు.

"అంతా తెల్లగా ఉందిరా" అన్నాడు. "పొద్దున ఇంత లేదు. ఇవాళే పూర్తిగా పోయినట్టుంది." కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. అక్క గబుక్కున పట్టుకుంది.

"నీ కన్ను కాదు బావా" అన్నాడు పెయింటర్. "నేనే తగలేశాను. ముసురులో వార్నిష్ కొట్టాను. అందరూ తెల్లబడిపోయారు."

"నన్ను ఊరుకోబెట్టకు. ముసురులో డబ్బా పట్టేంత వెధవ్వి కాదు నువ్వు."

"వెధవనే బావా, ఒట్టు. అక్కా, నువ్వైనా చెప్పు."

"తెల్లగానే ఉన్నాయండీ. పిండిలో పొర్లించినట్టున్నాయి" అంది అక్క.

"ఇద్దరూ కూడబలుక్కున్నారు" అన్నాడు బావ.

ఇక మాటలతో లాభం లేదు. పెయింటర్ చేతికందినవాణ్ణి లాగి నూనె పూశాడు, గుడ్డతో అద్దాడు. డ్రమ్మువాడు. తెలుపు విడిచి పసుపుకోటు గుడ్డుసొనలా నిగనిగలాడుతూ బయటపడింది. పెయింటర్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఇదిగో బావా, కిటికీ దగ్గర పట్టుకుని చూడు."

అంత దిగులులోనూ బావ నియమం తప్పలేదు. దిమ్మని రెండు వేళ్లతో పట్టుకుని, ఒంటికి వేలు తగలకుండా వెలుతురుకి ఎత్తాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బావమరిది ఊపిరి బిగబట్టిన సంగతి ఆయనకి వినబడే ఉంటుంది. మెల్లగా మొహం విప్పార్చాడు.

"నిజమేరా. ఊరికే హడలిపోయాను. ఎరుపు భలే తేలింది."

అక్క నోరు తెరిచింది. పెయింటర్ కళ్లతోనే వద్దన్నాడు. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"అవును బావా" అన్నాడు. "ఎరుపే."

"మరింకేం, ఇంకోడికి పూయి. ఒక్కొక్కణ్ణే చూస్తాను" అంటూ బావ చెయ్యి చాచాడు. పెయింటర్ కుంచె నూనెలో ముంచాడు.