ఒకే నంబరు మీద రెండు కార్లు

మా ఆయన నసీబ్‌కు ఎవరినీ నమ్మకపోవడమే ఉద్యోగం. బేరూత్ రేవులో దిగిన సరుకు తడిసిపోయిందని వ్యాపారులు బీమా కంపెనీని పరిహారం అడిగితే, అది నిజంగా సముద్రంలో తడిసిందా, గోదాములో గొట్టం పెట్టి తడిపారా అన్నది తేల్చేవాడు. తడిసిన పిండిని వేలితో తీసి నాలుకకు రాసుకునేవాడు. ఉప్పగా లేకపోతే సంతకం పెట్టేవాడు కాదు. ఇంట్లోనూ అంతే. పళ్లవాడు పుచ్చకాయ తియ్యగా ఉంటుందన్నాడంటే దానిమీద ముందు విచారణ జరగాల్సిందే.

అలాంటి మనిషి ఆ కారును మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కొన్నాడు.

అది జహ్లే పైన ఒక కొండ ఊళ్లో, కోళ్ల షెడ్డులో ఉంది. జూలియెట్టా. ఇటలీ వాళ్లు యాభైల్లో చేసిన రెండు సీట్ల కారు, పైన గుడ్డ టాపు. టాపు ఎప్పుడో చివికిపోయింది. సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. కాళ్లు పెట్టుకునే చోట రేకు తుప్పుపట్టి ఊడిపోయి, కింది నుంచి గడ్డి లోపలికి మొలిచింది. అమ్మినవాడు తండ్రి పోయాక షెడ్డు ఖాళీ చేస్తున్నానని చెప్పాడు. మీ నాన్నకు ఈ కారు ఎక్కడి నుంచి వచ్చిందని నేనే అడిగాను. మా నాన్న దగ్గర అన్నీ ఉండేవి అన్నాడు. నేను ఇంకో మాట అడగబోతే నసీబ్ నా మోచెయ్యి నొక్కాడు. వాడితో కలిసి కాఫీ తాగి, తాళంచెవి పుచ్చుకుని వచ్చేశాం.

బేరూత్‌లోని ఫుర్న్ ఎల్ షెబ్బాక్‌లో మేముండే భవనం కింద మాకొక గ్యారేజీ ఉంది. కారును లారీలో తెచ్చి అందులో దింపారు. ఆ తర్వాత కొన్నేళ్లపాటు మా ఆదివారాలన్నీ అక్కడే గడిచాయి. రేకు పని ఓహనెస్ చేసేవాడు. ఆయనా నసీబూ చిన్నప్పుడు ఒకే బళ్లో చదువుకున్నారు. బుర్జ్ హమ్మూద్‌లో ఓహనెస్‌కు పెద్ద వర్క్‌షాపు ఉంది. అక్కడ అన్నదమ్ముల పిల్లలు పని చూసుకుంటుంటే, ఆయన ఆదివారం పూట ఈ కారు కోసం వచ్చేవాడు. కుళ్లిన రేకు కోసి తీసి, కొత్తది కొట్టి వంచి అతికేవాడు. తలుపుకూ పక్క రేకుకూ మధ్య సందు పైనుంచి కింది దాకా ఒకేలా ఉండేదాకా తలుపు బిగించడం, విప్పడం, మళ్లీ బిగించడం. ఒక్క తలుపుకే వసంతమంతా గడిచింది. అద్దం ఎత్తే పిడి దొరక్క ఏడాదికి పైగా వెతికాం. చివరికి ఇటలీలోని తూరినో నుంచి ఎవరో ముసలాయన పంపాడు.

నేను బళ్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. జిగుర్లు కలపడం నాకు తెలుసు కాబట్టి స్టీరింగు చక్రం పగుళ్లు పూడ్చే పని నాకిచ్చారు. పూడ్చి, ఆరబెట్టి, అరగదీసి, మళ్లీ పూడ్చి, దాన్ని గాజులా నునుపు చేశాను. కారు మీది పై రంగు గీకుతుంటే అడుగున లేత నీలం బయటపడింది. ఆ రంగే మళ్లీ వేయించాం. మొదటిసారి దాన్ని బయటికి తీసి జూనియే దాకా సముద్రం పక్కన నడిపిన రోజు నసీబ్ దారంతా ఈల వేశాడు. పెళ్లయిన కొత్తలో కూడా నేను ఆ ఈల వినలేదు.

ఆ సంతోషంలో నేనొక పని చేశాను. పాత కార్ల వాళ్లందరూ చూసుకునే ఫేస్‌బుక్ పేజీలో ఫొటోలు పెట్టాను. అందులో ఒకటి ఇంజను ఫొటో. ఇంజను వెనక రేకు గోడకు చిన్న పలక ఒకటి రివెట్లతో బిగించి ఉంటుంది. దానిమీద కారు నంబరు ఉంటుంది. ఫొటోలో ఆ నంబరు స్పష్టంగా పడింది.

వారం తిరక్కుండానే జోర్డాన్ నుంచి, అమ్మాన్ నగరం నుంచి ఫోన్ వచ్చింది. పేరు ఫవ్వాజ్ అని, విమానాశ్రయంలో పనిచేసి రిటైరయ్యానని చెప్పుకున్నాడు. తన దగ్గరా ఒక జూలియెట్టా ఉందట. దాని నంబరు, మా నంబరు ఒకటేనట. అది ఎలా సాధ్యమో మాట్లాడుకుందామని మర్యాదగానే అడిగాడు. అయితే మీది దొంగ కారు అని నసీబ్ ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో గాలి మారిపోయింది. ఇది మోసగాళ్ల ఎత్తు, ముందు అనుమానం నాటి తర్వాత కారు కాజేస్తారు అన్నాడు నసీబ్. ఫొటో ఎందుకు పెట్టావు, ఎవరు పెట్టమన్నారు అని నన్ను గుచ్చిగుచ్చి అడిగాడు. గ్యారేజీకి రెండో తాళం వేశాడు. దాని చెవి నాకివ్వలేదు. భవనం కాపలావాడితో మాట్లాడటం మానేశాడు. భోజనం చేస్తూ మధ్యలో చెంచా ఆపి ఆలోచనలో పడేవాడు.

తర్వాత ఆ అనుమానం ఓహనెస్ మీదికి మళ్లింది. ఆదివారం ఆయన మామూలుగా వచ్చాడు. నేను కాఫీ పట్టుకుని కిందికి దిగేసరికి నసీబ్ ఆయనకెదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రంగు వేయడానికని పోయిన చలికాలమంతా కారు నీ షాపులోనే ఉంది. అప్పుడే మార్చావు కదా ఆ పలకని?"

ఓహనెస్ తలెత్తి ఆయన మొహంలోకి చూశాడు. కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ చూపులో.

"నిజంగా తెలియకే అడుగుతున్నావా నసీబ్?" అన్నాడు.

జవాబు కోసం ఆగలేదు. చేతులు తుడుచుకుని, తన సుత్తులు, తన దీపం సంచిలో వేసుకుని, నా చేతిలోని కాఫీ కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆయన అడిగిన ఆ మాట నాలో ముల్లులా దిగబడింది. కానీ అప్పటికి దాని అర్థం నాకు తెలియలేదు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం తలుపు గంట మోగింది. బయట సూటు వేసుకున్న పెద్దమనిషి, చేతిలో తోలు సంచి. ఆయనే ఫవ్వాజ్. ఫోన్‌లో కుదరదని తెలిసి విమానమెక్కి వచ్చేశాడు. గుమ్మంలోంచే తిప్పి పంపడానికి నాకు మనసొప్పలేదు. లోపల కూర్చోబెట్టి ఏలకులు వేసిన కాఫీ ఇచ్చాను. నసీబ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ మర్యాదలో ఎక్కడా తగ్గలేదు. పిల్లలెలా ఉన్నారు, అమ్మాన్‌లో ఎండలెలా ఉన్నాయి, అంజూర పళ్లు తీసుకోండి. కానీ ఆయన సంచి ఒళ్లోంచి దించడు, ఈయన జేబులోంచి చెయ్యి తియ్యడు. ఇద్దరి దగ్గరా ఫొటోలున్నాయి, ఎవరూ ముందు చూపించరు. ముందు మీరు అని ఒకరు, అతిథి ముందు అని ఇంకొకరు.

ఇక నాకు విసుగొచ్చింది. "పేకాటకి కూర్చున్నారా ఇద్దరూ? నేను బల్ల మీద కొడతాను. కొట్టగానే ఇద్దరూ ఒకేసారి పెట్టండి," అన్నాను.

బల్ల మీద చరిచాను. రెండు ఫొటోలూ పక్కపక్కన పడ్డాయి.

మా ఫొటోలో రివెట్ల పలక. ఆయన ఫొటోలో పలక లేదు. పలక ఉండాల్సిన చోట రివెట్ల రంధ్రాలు, వాటి పక్కన రేకులోనే లోతుగా చెక్కిన నంబరు. అంకెలు మాత్రం రెండింటివీ ఒకటే.

అప్పుడు ఫవ్వాజ్ తన కథ చెప్పాడు. కుర్రతనంలో బేరూత్‌లో చదువుకున్నాడు. ఆ కారు ఇక్కడే కొన్నాడు. డెబ్బై అయిదులో లెబనాన్ అంతర్యుద్ధం మొదలయ్యే రోజుల్లో నది దగ్గర ఏదో షాపులో రిపేరుకి ఇస్తే, తిరిగి వచ్చేసరికి దానికి పలక లేదు. కారు ప్రాణాలతో వచ్చింది చాలనుకుని అమ్మాన్‌కి తోలుకుపోయాడు. పలక సంగతి ఆ తర్వాత ఏ నాడూ తలుచుకోలేదు, నా ఫొటో చూసేదాకా.

"ప్రతి జూలియెట్టాకీ రేకులో నంబరు చెక్కి ఉంటుందండీ," అన్నాడు నసీబ్‌తో. "మీ దాంట్లో ఆ పలక పక్కన ఏముందో ఒక్కసారి చూపిస్తే నా సందేహం తీరుతుంది. అంతకన్నా నాకేమీ వద్దు."

అక్కడ కొత్త రంగు వేశామని, గీకితే పాడవుతుందని నసీబ్ అన్నాడు. ఆ మాట చాలా మెత్తగా అన్నాడు. తడిసిన సరుకు వాళ్లు ఈయన ముందు కూర్చుని మాట్లాడే గొంతు అది. ఆయన పని చూడటానికి ఎన్నోసార్లు రేవుకు వెళ్లాను కాబట్టి ఆ గొంతు నాకు బాగా గుర్తు. ఫవ్వాజ్ హోటలు పేరు చెప్పి లేచాడు. నేను మా ఆయన వైపు చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే బుర్జ్ హమ్మూద్ వెళ్లాను. ఓహనెస్ నన్ను చూసి కుర్చీ వేయించాడు కానీ మొహం ముడుచుకునే ఉన్నాడు. ఆ ఇంజను వెనక మూల సంగతి అడిగాను.

"మదామ్, ఆ కారులో నా చెయ్యి పడని చోటు అదొక్కటే. ఆ మూల నేనే చేసుకుంటానన్నాడు. పుట్టీ పెట్టిందీ ఆయనే, రంగేసిందీ ఆయనే. ముచ్చట పడుతున్నాడులే అనుకున్నాను. ఇప్పుడు నా మీద వేశాడు," అన్నాడు.

తిరిగి వస్తూ బడి దగ్గర ఆగి, ప్రయోగశాల బీరువాలోంచి రంగు కరిగించే ద్రావకం తెచ్చుకున్నాను. రెండో తాళం చెవి నసీబ్ కోటు జేబులో దొరికింది. గ్యారేజీ తెరిచి, ఇంజను మూత ఎత్తి, పలక పక్కన ద్రావకం పూశాను. రంగు ఉబ్బి ముడతలు పడింది. గుడ్డతో తుడిచాను. అడుగున తెల్లటి పుట్టీ. దాన్ని పుట్టీ కత్తితో గీకాను. దాని కింద అంకెలేమీ లేవు. గ్రైండరు పెట్టి ఎవరో అరగదీసిన గుంట ఉంది. పాత గుంట. అంచుల్లో నల్లటి తుప్పు పేరుకుని ఉంది.

వెనక అడుగుల చప్పుడైంది. నసీబ్ నా చేతిలో గుడ్డ చూశాడు, గుంట చూశాడు. పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మొదటి వేసవి నుంచి. కోళ్ల పెంట కడుగుతుంటే కనబడింది."

"మరి ఓహనెస్‌ని ఎందుకన్నావు?"

"ఎవరో ఒకరి మీద వెయ్యాలి కదా హునైదా. ఎవరి మీదా వెయ్యకపోతే చివరికి నా దగ్గరికే వస్తుంది."

నంబరు ఎందుకు అరగదీస్తారో ఆయనకు తెలియక కాదు. దొంగ కారు సొంత నంబరు అరగదీసి, ఇంకో కారు పలక తెచ్చి బిగించి దాచేస్తారు; ఇక్కడ ఆ పలక ఫవ్వాజ్ కారుది. యుద్ధం రోజుల్లో దారికి అడ్డంగా పీపాలు పెట్టి కార్లు ఆపేవాళ్లు. తుపాకీ చూపించి దిగమనేవాళ్లు. దిగినవాళ్లలో కొందరు ఇళ్లకు నడిచి వచ్చారు. కొందరు రాలేదు. ఈ కారు అలా వచ్చిందో, మరెలా వచ్చిందో మాకు తెలియదు. ఎవరి సీట్లో ఇన్నాళ్లూ కూర్చున్నామో తెలియదు.

"అడిగితే జవాబు వస్తుందన్న భయంతోనే అడగలేదు," అన్నాడు నసీబ్. "అది నాది కావాలనిపించింది. జీవితంలో అలా అనిపించిన వస్తువు ఇదొక్కటే."

నాకు జాలి వేసింది. అంతకు మించి, ఇన్నేళ్లూ పక్కన కూర్చుని అరగదీస్తూ, పూడుస్తూ ఈ మనిషి నాకు చెప్పకుండా ఇంకా ఏమేం పుట్టీ పెట్టి ఉంచాడా అనిపించింది. ఆ రోజు ఆ మాట పైకి అనలేదు. తర్వాత అన్నాను, ఒక్కసారి కాదు.

మధ్యాహ్నం ఫవ్వాజ్‌ను పిలిపించాం. నసీబే రివెట్లు కోసి పలక ఊడదీసి ఆయన చేతిలో పెట్టాడు, క్షమించమన్నాడు. ఆయన దాన్ని రుమాల్లో చుట్టి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. మేము అన్నం పెడితే ఎడమ చెయ్యి గుండె మీద నుంచి తియ్యకుండా తిన్నాడు, ఎక్కడ మనసు మార్చుకుంటామోనని.

ఓహనెస్ దగ్గరికి నసీబ్ ఒక్కడే వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఆ తర్వాతి ఆదివారం ఓహనెస్ రాలేదు. ఇంకొన్ని ఆదివారాలు గడిచాక వచ్చాడు కానీ నసీబ్‌తో నేరుగా మాట్లాడడు. "మదామ్, మీ ఆయన్ని దీపం కాస్త ఎత్తి పట్టుకోమనండి," అంటాడు, నసీబ్ పక్కనే నిలబడి ఉన్నా సరే.

నంబరు లేని కారు కాబట్టి రోడ్డెక్కించడం మానేశాం. నేను పట్టుబట్టి అదే పేజీలో ప్రకటన పెట్టించాను. లేత నీలం జూలియెట్టా, జహ్లే దగ్గర దొరికింది, యుద్ధం రోజుల్లో ఇలాంటిది పోగొట్టుకున్నవాళ్లు వచ్చి చూసుకోవచ్చు అని. నసీబ్ వద్దనలేదు. కానీ గంట మోగినప్పుడల్లా లేచి నిలబడతాడు.

కొందరు వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్త ఆశతో వచ్చినవాళ్లు. ఒకామె ఇది మా నాన్నది కాదు, ఆయన కారు లోపల ఎర్రతోలు అని చెప్పి, అయినా కాసేపు అందులో కూర్చుని వెళ్లింది.

శరత్కాలంలో సైదా నుంచి వజీహ్ అనే ఆయన వచ్చాడు. తన అన్న కారు ఇదే రంగుదట. అన్నా తిరిగి రాలేదు, కారూ తిరిగి రాలేదు. వెనక ఎడమ చక్రం పైన లారీ తగిలి లోతుగా సొట్ట పడిందని, దాన్ని బాగు చేయించకముందే అన్న వెళ్లిపోయాడని చెప్పాడు. అక్కడ సొట్ట లేదని, పాత రేకే ఉందని ఓహనెస్ చెప్పాడు. వజీహ్ తల ఊపాడు కానీ నమ్మలేదు. మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

నసీబ్ లోపలికి వెళ్లి నా ద్రావకం సీసా, పుట్టీ కత్తి తెచ్చి ఆయన చేతికిచ్చాడు. "మీరే గీకి చూడండి," అన్నాడు.

ఆయన మొహమాటపడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ చక్రం పైన అంత శ్రమపడి వేసిన నీలం రంగంతా జానెడు వెడల్పున తీసేశాడు. కింద సమంగా ఉన్న పాత రేకు బయటపడింది. వేళ్లతో అటూ ఇటూ తడిమాడు. సొట్ట లేదు. లేచి, చేతులు కడుక్కుని, మాకు దేవుడు మేలు చేయాలని చెప్పి బస్సుకు వెళ్లిపోయాడు.

అక్కడ రంగు వేసి సరిచేస్తానని ఓహనెస్ అంటే నసీబ్ వద్దన్నాడు. ఇంకా ఎవరైనా వస్తారేమో ఉండనీ అన్నాడు. సముద్రపు గాలికి తుప్పు పడుతుందని ఓహనెస్ నాకు ఫిర్యాదు చేశాడు, నసీబ్‌తో మాట్లాడడు కాబట్టి. అందుకని వారానికోసారి నేనే గుడ్డకు నూనె ముంచి ఆ జానెడు రేకుకు రాసి వస్తుంటాను.