పుట్టింటిపేరుతో వెతకాలి

"పేరు కొడితే వస్తుంది. ఆ మాత్రం చేతకాదా?" అని మా ఆయన లాప్‌టాప్ నా ముందుకు తోసి స్నానానికి వెళ్లారు. ఒక చేతిలో పసిది పాలు తాగుతోంది, ఇంకా నెల నిండలేదు. రెండో చేత్తో నేను మా ఆయన నానమ్మ జనన రికార్డు వెతకాలట. వంశవృక్షం గీయడం ఆయన వంతు, వెతకడం నా వంతు. మీ అబ్బాయికి ఎంత ఓపికండీ అని చుట్టాలు మా అత్తగారి దగ్గర మురిసిపోతున్నారు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఎన్నిసార్లు కొట్టినా రాదే! చివరికి నాకే తట్టింది. పుట్టినప్పుడు ఆవిడది ఈ ఇంటిపేరు కాదు కదా. పుట్టింటిపేరు ఏమిటని అత్తగారిని అడిగితే, ఎప్పుడో పోయిన మనిషిది ఇప్పుడెవరికి గుర్తని కొట్టిపారేశారు. ఆవిడ తండ్రి పేరు మాత్రం చెప్పగలిగారు. ఆ పేరుతో, అనుకున్న ఏడాదికి అటూ ఇటూ కూడా చూశాను. లేదు. పాత చేతిరాత కదా, సూచిక తయారుచేసినవాళ్లు 'వ'ను 'ప' అని చదివారేమోనని తండ్రి పేరులో మొదటి అక్షరం మార్చి కొట్టాను. దొరికింది. సూచికను నమ్మకుండా రిజిస్టరు అసలు పేజీ తెరిచాను. తండ్రి, ఊరు, తేదీ అన్నీ సరిపోయాయి. బిడ్డ పేరే వేరు.

అత్తగారికి చూపించాను. "ఓ, అదా! పెళ్లయ్యాక మార్చారులే. ఇంట్లో ఆడపడుచుదీ అదే పేరట" అన్నారు. తర్వాత నవ్వుతూ, "నీకూ మార్చాంగా. అలవాటైపోలేదూ?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. మా అమ్మ పెట్టిన పేరు పాతకాలందని పెళ్లి రోజునే తీసేశారు. పుట్టింట్లో తప్ప నన్నెవరూ ఆ పేరుతో పిలవరు. అక్కడికి వెళ్లి ఏడాదైంది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, "చూశావా, కొడితే వచ్చింది" అన్నారు.

మర్నాడు పాప పుట్టుక నమోదు చేయించడానికి ఆఫీసుకు వెళ్లాం. కౌంటర్లో ఉన్నావిడ, పాప తల్లి పేరేమిటని అడిగింది. నేను పక్కనే ఉన్నాను, అడిగింది ఆయన్ని. మా అత్తగారు నాకు పెట్టిన పేరు ఆయన చెప్పేశారు. ఆవిడ టైపు చేస్తోంది. రేపెప్పుడో ఈ పసిదాని మనవరాలు నాకోసం వెతికితే, నేనెక్కడ దొరుకుతాను?

"ఆగండి, అది తప్పు" అన్నాను.

"అందరి ముందూ ఏమిటిది? ఇంటికి పద, మాట్లాడుకుందాం" అంటూ ఆయన నా మోచెయ్యి నొక్కిపట్టారు. నొప్పెట్టింది. పాప ఏడుపు అందుకుంది. కౌంటర్లో ఆవిడ ఎవరి మాట వినాలో తెలియక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

చెయ్యి విడిపించుకోలేదు. ఆవిడ వైపే చూస్తూ చెప్పాను.

"ఆ పేరుగలావిడ ఈ బిడ్డను కనలేదండీ."